కాపలా కాస్తే అడవొచ్చింది!

అనంతపురం పేరు చెప్పగానే ఎవరికైనా ఏం గుర్తొస్తుంది? కరువు. ఎండిన వేరుశనగ చేలు. ఎన్ని అడుగులు వేసినా దుమ్ము తప్ప చుక్క నీరు రాని బోర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలే ఆపేస్తాయి. ఈశాన్య మేఘాలేమో తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి ఖాళీ అయిపోతాయి. ఏడాది మొత్తానికి సగటున పడేది 550 మిల్లీమీటర్లు. అదీ ఒక్కోసారి నాలుగు రోజుల్లోనే కురిసి, ఎర్రమట్టిని ఊడ్చుకుపోతుంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల గురించి చెప్పుకునేటప్పుడు జైసల్మేర్ తర్వాత వినిపించేది ఈ పేరే.

అలాంటి చోట ఎవరైనా రాళ్లగుట్టల నడుమ 32 ఎకరాలు కొని కాపురం పెడతామంటే ఏమంటాం? 'డబ్బులెక్కువయ్యాయా?' అంటాం. 1990లో సి.కె.గంగూలీ, మేరీ వట్టమట్టం, వారి మిత్రుడు జాన్ డిసౌజా సరిగ్గా ఆ పనే చేశారు. గంగూలీని అందరూ పిలిచేది బబ్లూ అనే. ఆయన, మేరీ అంతకుముందు పెనుకొండ ప్రాంతంలో వ్యవసాయ కూలీల సంఘాలతో ఏళ్ల తరబడి పనిచేసినవారే. కాబట్టి సీమ ఎండ వారికి కొత్త కాదు. చెన్నేకొత్తపల్లి దగ్గర కొన్న ఆ భూమికి 'టింబక్టు' అని పేరు పెట్టారు. ఎక్కడో ఆఫ్రికాలో ఉన్న ఊరి పేరిది. కానీ వీరు చెప్పుకునే అర్థం వేరు... సరిహద్దు రేఖ, అంటే నేలా నింగీ కలిసే చివరి అంచు.

నాటలేదు... ఆపారు

ఇలాంటి కథల్లో మామూలుగా వేల మొక్కలు నాటడం, ట్యాంకర్లతో నీళ్లు పోయడం ఉంటాయి. ఇక్కడ అసలు కిటుకు అది కాదు. జపాన్ రైతు మసనోబు ఫుకువోకా రాతల ప్రభావం వీరి మీద ఉంది. ప్రకృతి పనిని మనం చేయబోకుండా, దానికి అడ్డు తొలగితే చాలన్నది ఆయన ఆలోచన. ఈ నేలకు అడ్డేమిటి? మూడే... గొడ్డలి, అగ్గి, అదుపులేని మేత. ఆ మూడింటినీ ఆపారు. వాన నీరు పరుగెత్తకుండా వాలుకు అడ్డంగా రాళ్లకట్టలు, చిన్న చిన్న ఆనకట్టలు వేశారు. అంతే, కాపలా కూర్చున్నారు.

బోడిగా కనిపించే గుట్ట నిజానికి చచ్చిపోయినది కాదు. ఏటా నరికినా, మేసినా, కాల్చినా మట్టి కింద వేళ్లు బతికే ఉంటాయి. రెండు మూడేళ్లు వదిలేస్తే ఆ మోళ్ల నుంచే పిలకలు లేస్తాయి. ముందు గడ్డి, తర్వాత పొదలు, ఆ నీడలో చెట్లు. నేల మీద ఆకు రాలితే వాన నీరు కాస్త ఆగుతుంది. ఆగిన నీరు ఇంకుతుంది. చెప్పడానికి మూడు ముక్కలే... చూడ్డానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

అక్కడి ఏడాది మన క్యాలెండరులా జనవరిలో మొదలవదు. రోహిణి కార్తెలో మొదలవుతుందనుకోవాలి. రాళ్లు పగిలే ఎండ. నిలువెత్తు గడ్డి ఎండిపోయి, ఒక్క బీడీ ముక్కకు భగ్గుమనేలా ఉంటుంది. అడవి పెరిగిన కొద్దీ అగ్గి భయమూ పెరుగుతుంది మరి! అందుకే మంట దాటి రాకుండా మధ్యలో గడ్డి కోసేసి ఖాళీ బాటలు తీస్తారు. రాత్రిపూట కొండల మీద ఎక్కడ ఎర్రగా కనిపించినా పచ్చి కొమ్మలు పట్టుకుని పరుగెత్తాల్సిందే. మృగశిరలో తొలి జల్లు పడితే ఊపిరి పీల్చుకుంటారు. ఇక ఆశంతా సెప్టెంబరు, అక్టోబరు వానల మీదే. వంకలు పారేదీ, సీతాఫలాలు కళ్లు తెరిచేదీ అప్పుడే. చలికాలం వచ్చేసరికి గడ్డి పండి బంగారు రంగు తిరుగుతుంది. ఏడాదిలో అందమైన కాలం ఏదంటే నేను దీనికే ఓటేస్తాను.

32 నుంచి వేల ఎకరాలకు

ఈ 32 ఎకరాల ముచ్చట ఇక్కడితో ఆగితే అది ఓ కుటుంబం కథే అయ్యేది. ముష్టికోవెల గ్రామస్థులు మా గుట్టలనూ ఇలా చేసుకుంటామన్నారు. 1992-93 ప్రాంతంలో మొదలైన ఆ పని చుట్టుపక్కల ఊళ్లకు పాకి, ఏడు వేల ఎకరాలకు పైగా బంజరు 'కల్పవల్లి' అయింది. కాపాడేది ఊళ్లవాళ్లు. దానికోసం వారికో సహకార సంఘమూ ఉంది. వంకల వెంట ఈతచెట్లు గుబురుగా పెరిగాయి. ఈతాకుతో చీపుర్లు, చాపలు... బోద గడ్డితో ఇంటి కప్పులు. కరువు ఏడాదిలో దూరపు ఊళ్ల కాపరులు కూడా గొర్రెల మందలను ఇటే తోలుకొస్తారు. గొర్రెలొస్తే తోడేళ్లు రావా? వచ్చాయి. మందలో ఒకటీ అరా పోయినా కాపరులు సర్దుకుపోతారు.

ఇంత చేసినా ఒక చిక్కు మిగిలే ఉంది. టింబక్టు 32 ఎకరాలు కొన్నవి. కల్పవల్లి అలా కాదు. రెవెన్యూ రికార్డుల్లో అది బంజరు. ఇరవై ఏళ్లు కాపలా కాసి పెంచిన అడవి కాగితం మీద అడవి కాదు! ఆ ఒక్క మాట ఎంత ఖరీదైనదో గాలిమరలు వచ్చాక తెలిసింది. దాదాపు 50 గాలిమరల కోసం గుట్టలను తొలిచి వెడల్పాటి రోడ్లు వేశారు. చెట్లు పోయాయి. తవ్విన మట్టి వాలుల మీదుగా జారి వంకల్లో పడింది. 2013లో వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. గాలి కరెంటు మంచిదే, బొగ్గు కంటే వెయ్యిరెట్లు నయం. కానీ నిజంగా బోడిగా ఉన్న గుట్టలు ఈ సీమలో కరువయ్యాయా అన్నది అడగాల్సిన ప్రశ్నే.

కొండ కింద చేలల్లోనూ మార్పుంది. వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకోకుండా కొర్ర, సామ, రాగి మళ్లీ వేస్తున్న రైతులు 2008లో 'ధరణి' పేరుతో సహకార సంఘం పెట్టుకున్నారు. తమ పంటను తామే శుభ్రం చేసి అమ్ముకుంటున్నారు.

చెన్నేకొత్తపల్లి ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారికి దగ్గర్లోనే. ధర్మవరం దాకా రైల్లోనూ రావచ్చు. పిక్నిక్ స్పాటు కాదు కాబట్టి ముందుగా మాట్లాడుకుని వెళ్లడం మర్యాద. నవంబరు, డిసెంబరు అయితే మంచిది. వేసవిలో వెళ్తే మాత్రం జేబులో అగ్గిపెట్టె లేకుండా చూసుకోండి.