మేడం చేతిలో సుత్తి

మేడం పోయారని పోయిన నెల తెలిసింది. ప్రసూతి విభాగంలో ప్రొఫెసర్‌గా చేసి రిటైరయ్యారు. ఆమె దగ్గర చదువుకున్న డాక్టర్లు ఆమె పాఠాల గురించి చెబుతారు. ఆమె చేతిలో బతికిన మనిషిగా నాకు తెలిసింది నేను చెబుతాను.

2007లో నాకు తొలి కాన్పు. ఎనిమిదో నెలలో ముఖం ఉబ్బింది, మెట్టెలు వేళ్లకు బిగుసుకుపోయాయి. చూపించుకున్న చోట బీపీ చూడకుండానే, కడుపుతో ఉన్నవాళ్లకు నీరు పట్టడం మామూలేనని పంపేశారు. తర్వాత తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. ఒక తెల్లవారుజామున వంటింట్లో కొట్టుకుంటూ పడిపోయానట. గాలి సోకిందని మా అత్త వేపమండలు తెమ్మంటే, మా ఆడబిడ్డ 108కి ఫోన్ చేసింది. దారిలో మళ్లీ ఫిట్స్ వచ్చాయి.

తెలివి వచ్చేసరికి నోట్లో నెత్తురు రుచి, నాలుక తెగి వాచిపోయింది. ఎవరో నా మోకాటి చిప్ప కింద రబ్బరు సుత్తితో తడుతున్నారు. ఆవిడే మేడం. నాలుగు గంటలకోసారి పిరుదుకు ఇంజెక్షన్ వేసేవాళ్లు, కాలు లాగేసే నొప్పి. వేసే ముందు మోకాలు, ఊపిరి, మూత్రం సంచి చూడాల్సిందే. ఒకసారి ఒక కుర్ర డాక్టరు చూడకుండానే కాగితం మీద టిక్కు పెట్టబోయాడు.

"సుత్తి పట్టుకున్నావా నువ్వు?" అన్నారు మేడం. "మెగ్నీషియం ఫిట్స్‌ను ఆపుతుంది. ఎక్కువైతే ముందు మోకాలి కదలిక పోతుంది, ఆ తర్వాత ఊపిరి పోతుంది. మోకాలు చూడకుండా సూదెలా వేస్తావ్?"

విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ నా తలాపునే పెట్టించారు. ఆ రాత్రి ఆమె ఇంటికి వెళ్లలేదు.

బిడ్డ దక్కలేదు. ఆ మాట ఆయాతోనో నర్సుతోనో చెప్పించకుండా, మేడమే నా మంచం మీద కూర్చుని చెప్పారు. "పాప పోయింది తల్లీ. నువ్వు చేసిన తప్పేం లేదు." తర్వాత మా అత్తను పిలిపించి, "ఇది గాలీ ధూళీ కాదమ్మా, బీపీ జబ్బు. మూర్ఛరోగం కూడా కాదు. మళ్లీ కడుపు పండితే మూడో నెలలోనే తీసుకురా" అన్నారు. నన్ను పుట్టింటికి పంపేద్దామన్న మాట అప్పటికే మా ఇంట్లో మొదలైంది. పెద్ద డాక్టరమ్మ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాక మా అత్త ఆ మాట ఎత్తలేదు. నా ప్రాణం నిలబెట్టినందుకు ఎంత రుణపడి ఉన్నానో, నా కాపురం నిలబెట్టినందుకూ అంతే రుణపడి ఉన్నాను.

రెండోసారి మూడో నెలలోనే వెళ్లాం. రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్, వెళ్లినప్పుడల్లా బీపీ, మూత్ర పరీక్ష. నెలలు నిండే వేళకు బీపీ పెరుగుతుంటే ఆలస్యం చేయకుండా కాన్పు చేయించారు. బాబు పుట్టాడు. మా అత్త వాణ్ని ఎత్తుకుని మేడంకి చూపించబోయింది. "ఉండమ్మా, కాన్పయ్యాక కూడా ఫిట్స్ రావచ్చు" అని, ముందు నా బీపీ చూసి, ఆ తర్వాతే బాబును చేతుల్లోకి తీసుకున్నారు.