ఆగే దూరం

నా కారుని స్పోర్ట్స్ కారు అనొచ్చా లేదా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. 2017 మోడల్ స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్, సెకండ్ హ్యాండ్. 230 హార్స్‌పవర్ కాబట్టి అవునని నేను. వెనక పాప సీటు, డిక్కీలో మా అత్తగారి ఊరి నుంచి వచ్చే రెండు బియ్యం బస్తాలు ఉంటాయి కాబట్టి కాదని మా ఆవిడ. ఈ చర్చ వల్ల ఇన్నాళ్లూ ఎవరికీ నష్టం లేదు. ముందు బ్రేకు డిస్కులు మార్చాల్సి వచ్చేసరికి ఏదో ఒకటి తేల్చుకోక తప్పలేదు. స్పోర్ట్స్ కారుకి కొనే బ్రేకులు వేరు, బియ్యం బస్తాల కారుకి కొనేవి వేరు.

మేడ్చల్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగేటప్పుడు, టోల్ ప్లాజా ముందు బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణికేది. హైవే పక్కన నేనెప్పుడూ చూపించుకునే మెకానిక్ అన్న ఒక రౌండు వేసొచ్చి, "డిస్కులు వంకర వోయినయ్ సార్, మార్చుడే," అన్నాడు. అందరూ అనే మాటే. నిజానికి రోడ్డు కార్లలో డిస్కు అప్పడంలా వంగిపోవడం అరుదు. ఎక్కువగా జరిగేదేమిటంటే, ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అంటుకుంటుంది, అక్కణ్ణించి అరుగుదల కూడా ఎగుడుదిగుడుగా సాగుతుంది. మందంలో వెంట్రుకవాసి తేడా చాలు, అది చేతిదాకా వస్తుంది. అన్న దగ్గర డయల్ గేజ్, మైక్రోమీటర్ రెండూ ఉన్నాయి. కొలిచాం. హబ్ బాగుంది. డిస్కు మాత్రం కనీస మందానికి దగ్గరపడింది. ఆ కనీస అంకె డిస్కు మీదే అచ్చేసి ఉంటుంది, తుప్పు గీకి చదువుకోవాలి. మార్చుడే, కరెక్టే. కారణం మాత్రం వేరు.

ఏవి కొనాలి? ఖాళీ టైంలో పుస్తకాల మీద రాసేవాణ్ణి కాబట్టి కాటలాగుల్ని కూడా అదే కంటితో చదువుతాను. బ్రేకుల కాటలాగుల్లో విశేషణాలెక్కువ. చిల్లులు పొడిచిన డిస్కులు, గాడులు పెట్టినవి, రెండూ ఉన్నవి. చిల్లులకి ఒకప్పుడు అర్థముంది. పాతకాలపు ప్యాడ్లు వేడెక్కితే వాయువులు వదిలేవి, వాటికి బయటికి దారి కావాలి. ఇప్పటి ప్యాడ్లు అంతగా వదలవు. చిల్లు పొడిస్తే వేడిని దాచుకునే ఇనుము తగ్గుతుంది, పైగా పగుళ్లు ఆ చిల్లు అంచు దగ్గరే మొదలవుతాయి. గాడులు ప్యాడ్ ముఖాన్ని శుభ్రం చేస్తాయి, దాన్ని త్వరగా తినేస్తాయి కూడా. ఇదంతా తెలిసినా, అల్లాయ్ వీల్ సందుల్లోంచి ఆ చిల్లులు చాలా అందంగా ఉంటాయి, అబద్ధమెందుకు. 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్'లో స్నేహితుడి బీఎండబ్ల్యూ హ్యాండిల్ బార్ వదులైతే, బీరు డబ్బా రేకు ముక్క పెడదామంటాడు రాబర్ట్ పిర్సిగ్. ఆ పనికి ఆ రేకు సరిగ్గా సరిపోతుంది. స్నేహితుడికి మాత్రం అవమానంగా అనిపిస్తుంది. ఆ స్నేహితుడి మీద నాకిప్పుడు కొంచెం సానుభూతి ఉంది.

లెక్క వేసి చూశాను. మనుషులతో కలిపి 1,600 కిలోల కారు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలంటే, గది వేడిలో ఉన్న దాదాపు రెండు లీటర్ల నీళ్లని మరిగే దాకా తెచ్చేంత శక్తిని వదిలించుకోవాలి. 2023లో ఔటర్ మీద వేగ పరిమితిని 100 నుంచి 120కి పెంచారు. అంకె పెరిగింది ఐదో వంతే, శక్తి మాత్రం 44 శాతం. అంటే రెండు లీటర్లు దాదాపు మూడవుతాయి. ఈ వేడిలో ఎక్కువ భాగం ముందు రెండు డిస్కుల్లోకే పోతుంది. తొమ్మిది కిలోల ఇనప డిస్కనుకుంటే, 100 నుంచి ఒకసారి ఆగితే అది సుమారు 50 డిగ్రీలు వేడెక్కుతుంది. ఒకసారికి అంతే. పది సార్లు వరసగా ఆగేవాడికి ట్రాక్ ప్యాడ్లు కావాలి. (2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరిగెత్తిన ఫార్ములా ఈ కార్లకైతే వెనక హైడ్రాలిక్ బ్రేకులే లేవు. వెనక చక్రాల వేగాన్ని మోటార్లే కరెంటుగా మార్చుకుంటాయి.)

నేను పది సార్లు వరసగా ఎక్కడ ఆగుతాను? గత డిసెంబర్లో శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారెక్కి గజ్వేల్ వైపు వెళ్తున్నాం. తుర్కపల్లి దాటాక ఊళ్లోకి తిరిగే చిన్న రోడ్డు, అప్పుడే చీకటి పడింది. ముందు వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ. కనిపించేసరికి చాలా దగ్గరకొచ్చేశాం. పెడల్ కాలికింద టకటకా కొట్టుకుంది. ట్రాలీకీ మాకూ మధ్య మూరెడు జాగా మిగిలింది. పాప నిద్ర లేవలేదు. మా ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అంతకుముందు ఇరవై నిమిషాలుగా నేను గట్టిగా బ్రేకు తొక్కలేదు. డిస్కులు చల్లగా ఉన్నాయి. నా జీవితంలో లెక్కకొచ్చే బ్రేకు ఇదే: మొదటిది, చల్లటిది, ఒకే ఒక్కటి. కొన్ని ట్రాక్ ప్యాడ్లు వంద, నూటయాభై డిగ్రీలు దాటాకే సరిగ్గా పట్టుకుంటాయి. ఆ ట్రాలీ వెనకాల వాటిని వేడి చేసుకునే టైం ఎవరిచ్చారు? ప్యాడ్ల మీద చాలాసార్లు రెండు అక్షరాలుంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడిలో. ఎఫ్ అంటే ఘర్షణ గుణకం 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. చిన్న ముక్క మీద చేసే పరీక్ష కాబట్టి దాన్నే వేదంగా తీసుకోకూడదు. అయినా నేను మొదటి అక్షరమే చూశాను.

ఇంకో సంగతి, పెడల్ టకటకలాడటం ఏబీఎస్. అది మొదలైందంటే టైరు పట్టు అక్కడితో అయిపోయిందని. ఆ పైన ఎంత ఖరీదైన బ్రేకైనా చేసేదేమీ లేదు. అందుకని చిల్లులు లేని సాదా డిస్కులు, కంపెనీ ప్యాడ్లకి సమానమైనవి తీసుకున్నాను. మిగిలిన డబ్బు ముందు టైర్లకి పోయింది. బ్రేకు ఆయిల్ కూడా మార్పించాను. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకున్నాక ఆ హామీ 155కి పడిపోతుంది. మన వానాకాలాల్లో రెండేళ్లు చాలు. ఆర్డరు పెట్టేముందు స్పేర్ వీల్ గుంతలో స్టికర్ మీద ఉండే పీఆర్ కోడ్ చూసుకోవాలి, ఒకే పేరున్న కారుకి వేరువేరు సైజుల డిస్కులుంటాయి. అన్న బిగించి, పాత డిస్కుని చేత్తో ఊపి చూసి, "చిల్లులయి ఎందుకు దీస్కోలే సార్?" అన్నాడు కొంచెం నిరాశగా.

కొత్త ప్యాడ్లని డిస్కులకి అలవాటు చేయాలి. 80 నుంచి 20 దాకా ఓ పది సార్లు తగ్గించాలి, పూర్తిగా ఆగకూడదు. వేడి డిస్కు మీద ప్యాడ్ బిగించి నిలబడితే అక్కడ మచ్చ పడుతుంది, మళ్లీ అదే వణుకు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు ఔటర్ సర్వీస్ రోడ్డు మీద, ఆదివారం తెల్లవారుజామున, ఎవరూ లేని చోట ఈ పని చేశాను. పదోసారికి కాలిన వాసన. చల్లారడానికి మెల్లగా పోతుంటే ముందు రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి, చుట్టూ రాళ్లు పేర్చి. టార్పాలిన్ సర్దుతున్న పెద్దాయన నా వైపు చూశాడు. అద్దం దించాను.

"ఏం వాసన బిడ్డా అది?"

"బ్రేకులు. కొత్తవి."

"ఆగుతున్నయా?"

"ఆగుతున్నయ్."

"మరి గట్ల వడ్ల మీదికి రాకు, అటు వక్కకెల్లి పో."