బొట్టుబిళ్ల దాటని సౌండు

శనివారం రాత్రి తొమ్మిదిన్నర. నిజాంపేట వైపు ఓ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. నాలుగో అంతస్తులో హాలు తలుపులు మూసేశారు, కర్టెన్లు లాగేశారు, లైట్లు ఆర్పేశారు. సోఫాలో ఆ ఇంటాయన, పక్కన భార్య, కింద దిండు మీద కూతురు. తెర మీద ‘ఆర్‌ఆర్‌ఆర్’ ఇంటర్వెల్ సీను. లారీలోంచి జంతువులన్నీ ఒక్కసారిగా బయటికి దూకాయి. ఎడమ స్పీకర్లోంచి మొదలైన గర్జన వీపు వెనక నుంచి వెళ్లి కుడివైపు తేలింది. సోఫా కింద నేల ‘ధన్’మంది. ‘అబ్బా... ఇదీ సినిమా అంటే’ అనుకున్నాడతను.

సరిగ్గా అదే క్షణంలో, కింది ఫ్లాట్లో మంచం మీద పడుకున్న రిటైర్డ్ మాస్టారు లేచి కూర్చున్నారు. ఎడమచేతి మణికట్టు మీద కుడిచేతి వేళ్లు ఆనించి, గోడ గడియారం వంక చూస్తూ నాడి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు.

ఆ సంగతి పైనున్న వాళ్లకి తెలియడానికి మరో నెల పట్టింది.

అతనికి హోమ్ థియేటర్ అనేది డబ్బు ఎక్కువై పుట్టిన సరదా కాదు. చిన్నప్పుడు వాళ్లుండేది ఓ చిన్న ఊళ్లో, సినిమా హాలుకి ఆనుకునున్న అద్దె ఇంట్లో. సెకండ్ షో మొదలయ్యేసరికి పిల్లలంతా పక్కలెక్కాల్సిందే. టికెట్టుకి డబ్బులుండేవి కావు. గోడకి చెవి ఆనించి పడుకుంటే మాటలు వినిపించేవి కావు గానీ డోలు మోతలు, ఫైటింగులో దెబ్బలు మాత్రం గుబగుబమంటూ వచ్చేవి. ఆ మోతల్ని బట్టి ఇది పాట, ఇది ఫైటు, ఇది క్లైమాక్సు అని తమ్ముడికి చెప్పేవాడు. అమ్మకి తలనొప్పి ఉండేది. ‘ఈ దిక్కుమాలిన హాలు ఎప్పుడు మూస్తారో’ అని చెంగు తలకి బిగించి కట్టుకునేది. అతనికేమో పెద్దయ్యాక గోడకి ఇవతల కాకుండా అవతల కూర్చోవాలని ఉండేది.

ఫ్లాటు లోను కాస్త తేలికపడ్డాక ఆ కోరిక తీర్చుకున్నాడు. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, వాటన్నిటినీ నడిపే రిసీవరు, మూలన స్టూలంత సబ్‌వూఫరు. ఐదు స్పీకర్లకి ఈ ఒక్కటీ కలిస్తేనే ఫైవ్ పాయింట్ వన్. ఆ చివరి ‘పాయింట్ వన్’ ఉత్త పేలుళ్లకీ, ఉరుములకీ, ఏనుగు అడుగులకీ విడిగా కేటాయించిన దారి. దాదాపు 120 హెర్ట్జ్‌కి దిగువనుండే మంద్ర శబ్దాలు అందులోంచి వస్తాయి. షాపతను ‘మూలన పెట్టండి సార్, సౌండు అదిరిపోతుంది’ అన్నాడు. మూలన పెట్టాడు. అన్నట్టే అదిరిపోయింది.

దసరాకి వాళ్లు ఊరెళ్లి ఐదు రోజులుండి వచ్చారు. వచ్చిన మర్నాడు కింది మాస్టారి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గిన్నె, దాని మీద మూత.

‘గోంగూర పచ్చడమ్మా, ఇవాళే చేశాను’ అని గిన్నె ఇల్లాలి చేతికిచ్చి కాసేపు మాట్లాడకుండా నిలబడింది. తర్వాత అతని వైపు తిరిగి ‘బాబూ, ఏమీ అనుకోకు. మీ మాస్టారికి ఆర్నెల్ల కిందట స్టెంటు వేశారు కదా. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుని పడుకుంటారు. పడుకున్న కాసేపటికి గుండె దడదడా కొట్టుకుంటోందని లేచి కూర్చుంటున్నారు. రెండుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ తీశారు, ఏమీ లేదన్నారు. మీరు ఊళ్లో లేని ఐదు రోజులూ ఆయన హాయిగా నిద్రపోయారు. అప్పుడు అర్థమైంది నాకు. ఆ దడ ఆయనది కాదేమోనని...’

‘అయ్యో పిన్నిగారూ, ముందే చెప్పాల్సింది’ అంది ఇల్లాలు.

‘ఏమని చెప్పనమ్మా? మాటలు వినపడితే టీవీ అనుకుందును. పాట వినపడితే పాట అనుకుందును. ఏమీ వినపడదు. మంచం మాత్రం కొట్టుకుంటుంది’ అంది పిన్నిగారు.

అతనికి ముందు బాధ వేసింది. ఆ వెంటనే కొంచెం రోషమూ వచ్చింది. అర్ధరాత్రి దాకా గోల చేసే రకం కాదు తను. పది దాటితే కట్టేస్తాడు. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలూ చదివాడు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45. సొంత ఇంట్లో పెట్టుకున్న సౌండ్ సిస్టమ్ మోత ఆ ఇంటి సరిహద్దు దగ్గర ఆ పరిమితిని 5 డెసిబెల్స్‌కి మించి దాటకూడదు. లెక్కలోనే ఉన్నానని అతని నమ్మకం.

సరే, తేల్చేసుకుందామని ఆ రాత్రి సినిమా పెట్టి, రిమోటు భార్య చేతికిచ్చి, తను కిందికి దిగాడు. చేతిలో ఫోను, ఫోన్లో శబ్దాన్ని కొలిచే యాప్.

మాస్టారు ‘రావయ్యా, రా’ అంటూ పడగ్గదిలోకి తీసుకెళ్లారు. ఫోను 38 చూపించింది. కాసేపటికి 41. రాత్రిపూట హద్దు కన్నా తక్కువే! ఆ అంకె చూపిద్దామని నోరు తెరిచేలోపు మాస్టారు మంచం చూపించి ‘ఇలా ఒకసారి పడుకో’ అన్నారు.

పడుకున్నాడు. తల దిండుకి ఆనింది. అప్పుడు తెలిసింది. పైన ఏదో ఫైటు. హీరో మాట లేదు, విలన్ అరుపు లేదు, సంగీతం లేదు. మంచం కోళ్లలోంచి, పరుపులోంచి, నేరుగా ఛాతీలోకి గుబ్... గుబ్... గుబ్. మధ్యలో ఆగుతుంది. ఎప్పుడు మళ్లీ వస్తుందో తెలియదు. బీరువా మీది స్టీలు గ్లాసు సన్నగా వణుకుతోంది.

ఈ మోత అతనికి కొత్త కాదు. నలభై ఏళ్ల కిందట గోడకి చెవి ఆనించి విన్నది ఇదే. అప్పుడది సరదా. గోడకి అటువైపు ఏముందో అతనికి తెలుసు కాబట్టి. పక్క గదిలో చెంగు తలకి కట్టుకుని పడుకున్న అమ్మ గుర్తొచ్చింది. ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

మరి ఫోను అబద్ధం చెప్పిందా? సినిమాలకి సౌండ్ మిక్సింగ్ చేసే మిత్రుడొకడు ఆ చిక్కు విప్పాడు. నియమాల్లో ఉన్నదీ, ఇలాంటి యాప్‌లు మామూలుగా చూపించేదీ ‘డెసిబెల్ ఎ’. అది మనిషి చెవి వినే తీరుని అనుసరించి వేసిన తూకం. మన చెవి మంద్ర శబ్దాలని సరిగా పట్టుకోదు గనక, ఆ తూకమూ వాటిని తగ్గించి లెక్కేస్తుంది. 40 హెర్ట్జ్ దగ్గరైతే దాదాపు 35 డెసిబెల్స్ కోసేస్తుంది. చెవికి వినపడనిదాన్ని మీటరు వదిలేస్తుంది, మంచం వదలదు. పైగా చిన్న ఫోను మైకుకి అంత మంద్రాన్ని సరిగా అందుకునే శక్తీ ఉండదు.

‘కింద మాటలు వినపడవు, మోతే వినపడుతుంది. ఎందుకు?’ అన్నదానికీ అతని దగ్గర జవాబుంది. సన్నటి శబ్దం అల చాలా పొట్టిది. 10 వేల హెర్ట్జ్ శబ్దానికి అల పొడవు మూడున్నర సెంటీమీటర్లే. గోడ తగలగానే దాని పని అయిపోతుంది. 40 హెర్ట్జ్ అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, అంటే హాలు కన్నా పెద్దది. దానికి ఐదారంగుళాల శ్లాబు పెద్ద అడ్డు కాదు. ఇక సబ్‌వూఫరు నేల మీదే కూర్చుంటే శ్లాబే స్పీకరవుతుంది.

ఇంత విన్నాక కూడా అతను చేసిన మొదటి పని కోడిగుడ్ల అట్టలు తేవడం. ఎవరో చెప్పారు, గోడలకి అతికిస్తే సౌండు బయటికి పోదని. కిరాణా కొట్లన్నీ తిరిగి డెబ్భై అట్టలు పోగుచేశాడు. తర్వాత మందపాటి కర్టెన్లు, ఆపైన తివాచీ. హాల్లో మాటలు మునుపటికన్నా స్పష్టంగా వినిపించాయి, నిజమే. అవి గదిలోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తాయి. కానీ కిందికి వెళ్లి మంచం మీద పడుకుంటే అదే గుబ్... గుబ్. మంద్ర శబ్దాన్ని ఆపాలంటే బరువుండాలి, గాలి చొరబడని మూత ఉండాలి. గుడ్ల అట్టకి ఈ రెండూ లేవు. గోడ బరువు రెట్టింపు చేసినా తగ్గేది ఆరు డెసిబెల్స్ లోపే. శ్లాబు మీద శ్లాబు వెయ్యడం ఎవరి తరం?

‘అందుకే, బయటికి పోయేదాన్ని ఆపడం మానేసి అసలు పుట్టేదాన్ని తగ్గించు’ అన్నాడు మిత్రుడు. ఒక ఆదివారం వచ్చి తనే కూర్చున్నాడు.

మొట్టమొదట సబ్‌వూఫర్ని మూల నుంచి లేపాడు. మూలన రెండు గోడలూ నేలా కలిసి మంద్రాన్ని ఎగదోస్తాయి. గదంతా నిండుతుంది, కిందికీ పోతుంది. దాన్ని తెచ్చి సోఫా వెనక, సరిగ్గా వీపు దగ్గర పెట్టాడు. మనిషికి దగ్గరగా ఉన్నప్పుడు అంత పెద్దగా మోగించాల్సిన పని లేదు. మీట ఎంతో తగ్గించినా ఒంటికి అదే అదురు అందింది. దాని కింద నేలకి తగలకుండా ఫోము, రబ్బరు కలిసిన మందపాటి దిమ్మ వేశాడు. ‘ఇది నేల గుండా పోయే అదురునే ఆపుతుంది, గాలి గుండా పోయేదాన్ని కాదు. దీన్ని నమ్ముకుని మళ్లీ పెంచకు’ అని ముందే హెచ్చరించాడు.

తర్వాత రిసీవర్లో సెంటర్ స్పీకర్ని మూడు డెసిబెల్స్ పెంచాడు. సినిమాలో మాటలు ఎక్కువగా వచ్చేది అందులోంచే. మాట వినపడక వాల్యూమ్ పెంచడం, వెంటనే ఫైటు వచ్చి ఇల్లు ఎగిరిపోవడం, రిమోటు కోసం వెతుక్కోవడం... ప్రతి ఇంట్లోనూ జరిగే ఈ తంతు సగం తగ్గింది. మిగతా సగానికి ‘నైట్ మోడ్’ ఉంది. అది గట్టి శబ్దాలని కాస్త అణిచి, గుసగుసల్ని కాస్త లేపుతుంది. అది రిసీవరు కొన్న రోజు నుంచీ అందులోనే ఉంది. అతను ఒక్కసారీ నొక్కలేదు.

హాలు తలుపు అంచుల చుట్టూ రబ్బరు పట్టీ, కింది సందుకి బ్రష్షు పట్టీ వేశారు. దాంతో మాటలూ పాటలూ కారిడార్లోకి పోవడం తగ్గింది. ఖర్చు కొన్ని వందలు. గుడ్ల అట్టలు చెత్తబండి ఎక్కాయి.

చివరి పరీక్ష యంత్రాలతో కాదు. కూతురు కిందికి వెళ్లి మాస్టారి బీరువా మీది స్టీలు గ్లాసు పక్కన కూర్చుంది. పైన జంతువులు మళ్లీ లారీలోంచి దూకాయి. ‘వణుకుతోంది నాన్నా’ అంది ఫోన్లో. మీట కాస్త తగ్గింది. ‘ఇంకా వణుకుతోంది.’ మళ్లీ తగ్గింది. ‘ఆగింది!’ అప్పుడు మాస్టారే ఫోను తీసుకుని ‘ఉండవయ్యా, నేను పడుకుని చెబుతాను’ అన్నారు. పైనున్న వాళ్లు ఊపిరి బిగబట్టి ఎదురుచూశారు. రెండు నిమిషాలయ్యాక ఆయన గొంతు వినిపించింది. ‘ఇప్పుడు కొట్టుకునేది నాదే.’

ఇల్లాలు తన నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి, సబ్‌వూఫరు మీట ఆగినచోట అతికించింది. ‘ఇది దాటావో, నీ సంగతి చెప్తా’ అంది.

బొట్టుబిళ్ల దగ్గర సినిమా చప్పబడిపోతుందేమోనని అతను భయపడ్డాడు. మొదటి రెండు వారాలు అలాగే అనిపించింది కూడా. తర్వాత చెవి అలవాటు పడింది. ఇదివరకు మోతలో కొట్టుకుపోయిన చిన్న శబ్దాలు ఇప్పుడు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. గాజుల చప్పుడు, దూరంగా రైలు, వాన ఆగాక చూరు నుంచి జారే చుక్క.

సంక్రాంతికి మాస్టారు దంపతులు ఊరెళ్లారు. ‘పది రోజులు ఉండం బాబూ. నీ ఇష్టమొచ్చినట్టు పెట్టుకో’ అని పిన్నిగారు నవ్వుతూ చెప్పి మరీ వెళ్లింది. ఆ రాత్రి అతను మీట పూర్తిగా తిప్పాడు. బొట్టుబిళ్ల ఎక్కడో వెనకబడిపోయింది. నేల ధన్‌మంది. పాత సుఖం తిరిగొచ్చింది.

పావుగంట గడిచింది. వంటింట్లోంచి ఇల్లాలు పిలిచింది. ‘ఒకసారి ఇటు రండి.’

వెళ్లాడు. గట్టు మీద స్టీలు డబ్బాలు, అరలో పళ్లేలు, దేవుడి పటం ముందు కుంది, అన్నీ సన్నగా వణుకుతున్నాయి. ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి.

‘ఎప్పటినుంచీ?’ అన్నాడు.

‘కొన్న రోజు నుంచీ’ అంది. ‘మీరు హాల్లో ఉంటారు. మీకెలా తెలుస్తుంది?’

అతను వెనక్కి వచ్చి మీట మెల్లగా తిప్పాడు. బొట్టుబిళ్ల దగ్గర ఆపాడు. వంటింట్లో డబ్బాలు నిశ్శబ్దమయ్యాయి. ‘ఇటొచ్చి కూర్చో, మొదటినుంచి పెడతాను’ అని భార్యని పిలిచాడు.