కళ్లు తిరగడం జబ్బు పేరు కాదు

"సారూ, మంచం మీంచి లేస్తే ఇల్లంతా గిర్రున తిరుగుతున్నది."

ఉప్పల్, నాచారం వైపు సర్కారు వైద్యుడిగా పనిచేస్తున్న నాకు ఈ మాట వినపడని వారం ఉండదు. చాలామంది తమ జబ్బేమిటో తామే నిర్ణయించుకొని వస్తారు. ఒకరు పైత్యం అంటారు, ఒకరు బి.పి. అంటారు, ఇంకొకరు నైట్ డ్యూటీలో నిద్ర లేక వచ్చిందంటారు. చెవి మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

చెవి వినడానికి మాత్రమే అనుకోకండి. కపాలపు ఎముక లోపల దాగి ఉన్న లోపలి చెవికి రెండు పనులున్నాయి. నత్తగుల్లలా చుట్టుకొని ఉండే భాగం వినడానికి. దాని పక్కనే ఉన్న మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలు, తల ఎటు కదిలిందో మెదడుకు తెలిపి మనల్ని పడిపోకుండా నిలబెడతాయి. జలుబు, గవదబిళ్లలు వంటి వైరస్ జబ్బుల తర్వాత ఇక్కడ వాపు రావచ్చు. ఏళ్ల తరబడి చీము కారే చెవి నుంచి సూక్ష్మక్రిములు లోపలికి పాకినా రావచ్చు. దీన్నే లాబిరింథైటిస్ అంటాము. గిర్రున తిరగడం, వాంతులు, ఒక చెవి వినపడకపోవడం, హోరు - ఇవన్నీ ఒక్కసారిగా వస్తాయి. తిరుగుడు రోజుల తరబడి ఉండి మెల్లగా తగ్గుతుంది.

కళ్లు తిరిగే జబ్బులన్నీ ఇదే కాదు. పక్క మీద ఒత్తిగిలినప్పుడు కొన్ని సెకండ్లు మాత్రమే తిరిగితే అది వేరు. దానికి మందులకన్నా తలను ఒక పద్ధతిలో తిప్పే చికిత్స మేలు. రోజుల తరబడి తిరుగుతున్నా వినికిడి బాగానే ఉంటే అది సాధారణంగా నరానికి వచ్చిన వాపు. గంటల కొద్దీ తిరిగి తగ్గి, మళ్లీ మళ్లీ వస్తూ హోరుతో పాటు వినికిడి హెచ్చుతగ్గులవుతుంటే మినియర్ వ్యాధి అని అనుమానించాలి. నాలుగింటికీ రోగి చెప్పే మాట ఒకటే. చిట్టీలో కూడా ఆ ఒక్క మాటే రాస్తే ఏ జబ్బో ఎవరికి తెలుస్తుంది?

నాచారం పారిశ్రామిక వాడలో పనిచేసే ఒక కార్మికుడు నా దగ్గరకు వచ్చేటప్పటికి 5 వారాలు దాటాయి. వయసు 40 లోపే. చేతిలో మూడు చిట్టీలు. మూడింటిలోనూ 'గిడ్డీనెస్' అన్న మాట, కింద మాత్రల పేర్లు. కుడి చెవి మొదటిరోజే పోయిందని అతడు చెబుతున్నాడు. ఏ చిట్టీలోనూ చెవి అన్న మాటే లేదు. కోఠిలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆస్పత్రికి పంపాను. వినికిడి పరీక్షలో ఆ చెవి దాదాపు పూర్తిగా పోయినట్లు తేలింది. మళ్లీ రాలేదు. హఠాత్తుగా వినికిడి పోయినప్పుడు స్టెరాయిడ్ మందుకు తగిన సమయం మొదటి కొద్ది రోజులే. రెండు వారాలు దాటితే ఆశ సన్నగిల్లుతుంది. రెండవ చిట్టీ రాసినవారికి మొదటి చిట్టీలో 'కుడి చెవి వినపడడం లేదు' అన్న నాలుగు ముక్కలు కనిపించి ఉంటే సరిపోయేది.

అతడి కష్టం అక్కడితో తీరలేదు. పని ప్రెస్ మెషిన్ల మధ్య. ఫ్యాక్టరీ శబ్దం వల్ల వచ్చే చెవుడు మన చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. శబ్దం వల్ల వచ్చేది సాధారణంగా రెండు చెవులకూ, మెల్లమెల్లగా వస్తుంది. వాపు వల్ల వచ్చేది తరచు ఒక చెవికి, ఒక్కసారిగా. అతడి చెవి ఎందువల్ల పోయిందో తేల్చడానికి మొదటిరోజు రాత అవసరం. అదే లేదు.

ఉప్పల్, హబ్సిగూడల్లో ఎందరో మన పిల్లలు మెడికల్ కోడింగ్ ఉద్యోగాలు చేస్తున్నారు. అమెరికా డాక్టర్లు రాసిన కాగితాలు చదివి జబ్బుకు తగిన అంకె వేయడం వారి పని. జబ్బులకు అంతర్జాతీయ జాబితా 1893 నుంచీ ఉంది. 1948 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చూస్తోంది. పదవ జాబితాలో లోపలి చెవి వాపు హెచ్ 83.0. ఉత్త కళ్లు తిరగడమైతే ఆర్ 42. అమెరికా వారు చివర ఇంకో అంకె చేర్చారు: కుడి చెవికి 1, ఎడమకు 2, రెండింటికీ 3, ఏ చెవో రాయకపోతే 9. డాక్టరు రాయనిదాన్ని ఊహించి వేసే హక్కు కోడరుకు లేదు. ఆ ఉద్యోగం చేసే అమ్మాయి ఒకసారి తల్లిని తీసుకువచ్చింది. నేను 'ఎడమ చెవి' అని రాయడం చూసి, "అమ్మయ్య, 9 పడదు సార్!" అని నవ్వింది. మన ఓ.పి. చిట్టీ మీద కోడ్ లేకపోయినా ఫరవాలేదు, ఆ 9 మాత్రం ఉండకూడదు.

కళ్లు తిరిగి డాక్టరు దగ్గరకు వెళితే ఈ విషయాలు మీరే చెప్పి, రాయమని మర్యాదగా అడగండి:

1. మొదలైన తేదీ. 'కొన్నాళ్లుగా' అంటే చాలదు.

2. ఏ చెవి? ఫోను ఒక్కొక్క చెవి దగ్గర పెట్టుకొని రెండూ సమానంగా వినపడుతున్నాయేమో ఇంట్లోనే చూసుకోండి.

3. తిరుగుడు సెకండ్లా, గంటలా, రోజులా? ఏ కదలికతో వస్తుంది?

4. జలుబు, జ్వరం, చెవిలో చీము ఉన్నాయా? స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్లు చేయించుకున్నారా? అవి లోపలి చెవిని దెబ్బతీయగలవు.

5. మీ పనిలో శబ్దం ఎంత? ఎత్తులు ఎక్కాలా, బండి నడపాలా? సెలవు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? ఇ.ఎస్.ఐ.లో అర్హులకు అనారోగ్య సెలవుకు 70 శాతం వేతనం ఈ సర్టిఫికెట్టు మీదనే వస్తుంది.

జబ్బు ఇంకా తేలకపోతే 'అనుమానం' అని రాయడంలో తప్పు లేదు. పాత చిట్టీలు పారేయకుండా కవరులో వరుసగా పెట్టుకోండి.

తిరుగుడు ఆపే మాత్రలు సాధారణంగా మొదటి రెండు మూడు రోజులకే. నెలల తరబడి మింగితే మెదడు కొత్త సమతూకం నేర్చుకోవడం ఆలస్యమవుతుంది. వాంతులు తగ్గగానే ఒకరి తోడుతో నడవడం మొదలుపెట్టండి. చెవిలో నూనె, వెల్లుల్లి రసం పోయవద్దు.

తిరుగుడుతో పాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒకటి రెండుగా కనపడినా, కాలు చేయి పట్టు తప్పినా, నిలబడలేకపోయినా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా అది పక్షవాతం కావచ్చు. చీము కారే చెవి ఉన్నవారికి తల తిరిగినా అశ్రద్ధ పనికిరాదు. అటువంటప్పుడు చిట్టీ సంగతి తర్వాత. ముందు ఆటో ఎక్కి పెద్దాస్పత్రికి వెళ్లండి.