తింటివా అవ్వా?

రొళ్లలో పొద్దున్నే వినిపించే పలకరింపు ఇది. పిల్లలు బెంగళూరులో, పెద్దలు ఊళ్లో. మధ్యలో మూడు, నాలుగు గంటల ప్రయాణం. ఆ దూరాన్ని సరిహద్దు పల్లెలు ఎలా భరిస్తున్నాయో చూడాలంటే ఈ దారిన వెళ్లాల్సిందే.

మడకశిర దాటి నైరుతిగా వెళ్తుంటే దారికి రెండు పక్కలా బండరాళ్ల గుట్టలు. వాటి కింద ఎర్ర నేలలు. వాన పడితే వేరుశనగ, లేకపోతే బీడు. చేల గట్ల మీద, రోడ్డు వార చింతచెట్లు. మధ్యమధ్యలో బోర్ల నీళ్లతో బతికే వక్కతోటలు ఉన్నట్టుండి పచ్చగా పలకరిస్తాయి. ఆంధ్రప్రదేశ్ పటం చూస్తే ఈ మూల కర్ణాటకలోకి చొచ్చుకుపోయిన ముక్కలా ఉంటుంది. ఉత్తరాన పావగడ, దక్షిణాన మధుగిరి, పడమర శిర... అన్నీ తుమకూరు జిల్లావే. 2022 ఏప్రిల్ 4 దాకా రొళ్ల అనంతపురం జిల్లాలో మండల కేంద్రం. ఆ రోజు నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది.

ఊరు తెలుగుదే అయినా మాట ఇద్దరిదీ. ఒకే వాక్యం తెలుగులో మొదలై కన్నడంలో ముగుస్తుంది. ఈ ప్రాంతంలో కన్నడ మాధ్యమం బడులూ ఉన్నాయి. చుట్టాలు ఇటు సగం, అటు సగం. ఈ మండలంలోనే ఉన్న రత్నగిరి కొండ మీది పాత కోట గోడలను చూస్తే ఈ సరిహద్దు ఎన్ని రాజ్యాల చేతులు మారిందో తెలుస్తుంది. రాజ్యాలు మారినా ఒకటి మారలేదు... పలకరింపు! పొద్దున రాగిసంగటి పొద్దుకి వీధిలో నడిచే ఎవరైనా, అరుగు మీద ముసలావిడ కనిపిస్తే ఆగకుండా పోరు. ఒకరు 'తింటివా అవ్వా?' అంటారు. ఇంకొకరు 'ఊట ఆయ్తా అజ్జీ?' అంటారు. రెండింటికీ అర్థం ఒకటే... తిన్నావా అని.

వినడానికి మామూలు మర్యాదే. కానీ ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి అదే కాపలా. రోజూ పలికే అవ్వ ఒకరోజు పలకకపోతే, తలుపు తట్టే మనిషి ఉన్నట్టే కదా!

దగ్గరే కదా...

పూర్వపు అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వేరుశనగ చేతికొచ్చిన ఏడాది కంటే రాని ఏడాదే రైతుకి బాగా గుర్తుంటుంది. వక్కతోట ఉన్నవాళ్లు బోరు మీద బోరు వేశారు. లేనివాళ్ల పిల్లలు బస్సెక్కారు. ఇక్కణ్నుంచి హిందూపురం కంటే శిర దగ్గర. శిర చేరితే బెంగళూరు - పుణె జాతీయ రహదారి. ఇక కళ్లు మూసి తెరిచేలోగా తుమకూరు, ఆపైన బెంగళూరు. భవన నిర్మాణం, బట్టల ఫ్యాక్టరీలు, ఆటోలు, హోటళ్లు, చదువుకున్నవాళ్లకి ఆఫీసులు... అందరికీ అక్కడ ఏదో ఒక పని. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారంలో ఉత్పత్తి మొదలయ్యాక కొందరు యువకులకి అటువైపూ దారి దొరికింది.

అమెరికా వెళ్లిన కొడుకు గురించి ఊరంతా మాట్లాడుకుంటుంది. బెంగళూరు వెళ్లిన కొడుకు గురించి ఎవరూ మాట్లాడుకోరు. ఎందుకంటే అతను వెళ్లిపోయినట్టు ఎవరికీ అనిపించదు. 'దగ్గరే కదా, ఎప్పుడంటే అప్పుడు వస్తాడు' అనుకుంటారు. ఆ కొడుకూ అలాగే అనుకుంటాడు. ఉగాదికి ఓళిగల పూట వస్తాడు, దసరాకి వస్తాడు, జాతరకి వస్తాడు. మధ్యలో నెలలు గడిచిపోతాయి. విదేశాల్లో ఉన్నవాళ్లు అమ్మానాన్నల కోసం ముందే ఏర్పాట్లు చేసుకుంటారు. దగ్గర్లో ఉన్నవాళ్లు 'దగ్గరే కదా' అన్న ధైర్యంతో ఏమీ చేయరు. చిక్కంతా అక్కడే.

ఇది రొళ్ల ఒక్కదాని కథ కాదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్ల పైచిలుకు. 2050 నాటికి ఆ సంఖ్య 34 కోట్లు దాటుతుందని, అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు పెద్దవాళ్లేనని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా వేసింది.

పట్నం ఎందుకు వద్దంటే...

'మాతో వచ్చేయండి' అని పిలవని పిల్లలు తక్కువ. వెళ్లని పెద్దలే ఎక్కువ. మిగతా తెలుగు పల్లెల్లో అయితే 'అక్కడి భాష రాదు' అన్న సాకు ఉంటుంది. రొళ్ల అవ్వకి అదీ లేదు. కన్నడం ఆమెకి తెలుగంత సులువు. అయినా పది రోజులకే మూట కట్టుకుని తిరిగొస్తుంది. ఏమైందంటే 'తలుపులేసుకుని కూర్చోవాల' అంటుంది. అంతే!

ఆ చిన్న మాటలో చాలా ఉంది. ఊళ్లో ఆమెకి తన పొయ్యి ఉంది. ఎప్పుడు వండుకోవాలో, ఎంత ఉప్పేసుకోవాలో ఆమె ఇష్టం. సంక్రాంతి తర్వాత చింతకాయలు దిగితే అరుగుల మీద ఆడవాళ్లంతా చేరి పండు కొట్టి గింజలు తీస్తారు. ఈ చుట్టుపక్కల చింతపండుకి హిందూపురం పెద్ద మార్కెట్. అక్కడ కరిపులి రకానికి ఒక ధర, ప్లవర్ రకానికి ఒక ధర. అరవై అయిదేళ్ల అవ్వ కూడా ఆ పనికి కూర్చుంటుంది. వచ్చే కూలి కంటే నలుగురితో కబుర్లు ముఖ్యం. తాతకి రచ్చకట్ట ఉంది. వక్కాకు నములుతూ వాన గురించీ, బోర్ల గురించీ మాట్లాడటానికి తన ఈడువాళ్లున్నారు. బెంగళూరులో కొడుకింట్లో అన్నీ అమరుస్తారు. కానీ అక్కడ అతను చుట్టం. ఇక్కడ ఇంటి యజమాని!

అందుకే పెద్దల్ని బాగా చూసుకోవడమంటే వెంట తీసుకెళ్లడం ఒక్కటే కాదు. వాళ్ల రోజు వాళ్ల చేతుల్లోంచి జారకుండా చూడటం కూడా.

ఒకటో తారీఖు

రొళ్లలో పెద్దవాళ్ల క్యాలెండర్ ఒకటో తారీఖుతో మొదలవుతుంది. అది పింఛను రోజు. 2014కి ముందు రెండొందలున్న వృద్ధాప్య పింఛను ఆ ఏడాది వెయ్యి అయింది. 2019 మొదట్లో రెండు వేలకు చేరింది. అదే ఏడాది అర్హత వయసు 65 నుంచి 60కి తగ్గింది. 2024 జనవరిలో మూడు వేలు, అదే ఏడాది జులై నుంచి నాలుగు వేలు చేతికొస్తున్నాయి. ఆ నెల నుంచి గ్రామ సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి ఇస్తున్నారు.

నాలుగు వేలంటే బియ్యానికి, మాత్రలకి, ఫోను రీచార్జికి ఎవరినీ చేయి చాచనక్కర్లేదు. పండక్కి వచ్చిన మనవడి చేతిలో వంద నోటు పెట్టగలగడం అన్నిటికన్నా పెద్ద సంతోషం. అయితే ఒకప్పుడు ఈ ఒకటో తారీఖే కాలికి బంధం. కూతురి కాన్పుకి వెళ్లినా, ఆసుపత్రిలో ఉన్నా పింఛను రోజుకి ఊరు చేరాల్సిందే. లేదంటే ఆ నెల డబ్బు పోయినట్టే. 2024 చివర్లో ఆ నిబంధన సడలింది. రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తున్నారు. పింఛను తీసుకునే భర్త చనిపోతే భార్యకి ఆలస్యం లేకుండా మంజూరు చేసే ఏర్పాటూ అప్పుడే వచ్చింది. తోడు పోయిన ఇంట్లో తొలి నెలలు ఎంత కష్టమో తెలిసినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. 2025 జూన్ నుంచి 65 దాటినవాళ్లకి రేషన్ సరుకులు కూడా ఇంటికే తెచ్చివ్వాలన్నది ప్రభుత్వ నిర్ణయం.

చిక్కులు లేకపోలేదు. ఏళ్ల తరబడి వేరుశనగ పీకి, చింతపండు కొట్టి అరిగిన వేళ్లు యంత్రానికి ఓ పట్టాన అందవు. వేలిముద్ర పడలేదంటే అవ్వ మొహం చిన్నబోతుంది. ఆధార్‌లో వివరాలను, వేలిముద్రలను మళ్లీ నమోదు చేయించడం, ఫోన్ నంబరు మార్చడం లాంటి పనులకి పిల్లలు పండక్కి వచ్చినప్పుడు ఒక పూట కేటాయిస్తే చాలు. ఏడాదంతా ఆ తిప్పలు తప్పుతాయి.

రాత్రి పూట భయం

పగలు గడిచిపోతుంది. భయమంతా రాత్రికే. బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు ప్రతి ఇంట్లోనూ ఉన్నవే. కానీ పెద్దవాళ్లని మంచాన పడేసేది చాలాసార్లు చిన్న జారుడే! పెరట్లో తడి బండ, గుడ్డి బల్బు, ఎత్తు గడప... వీటిలో ఏదైనా చాలు తుంటి విరగడానికి. బాత్రూంకి వెళ్లే దారిలో ఒక మంచి దీపం, గోడకి పట్టుకోవడానికి ఒక కమ్మీ, మంచం పక్కన టార్చిలైటు. వీటన్నిటికీ అయ్యే ఖర్చు ఒక పండగ బట్టలంత కూడా ఉండదు.

పక్షవాతం సంగతి వేరు. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా గడియారం చూడాల్సిన సమయమది. మెదడులో రక్తం గడ్డ కట్టిందని స్కానింగులో తేలితే, దాన్ని కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే పడాలి. మరి బెంగళూరు నుంచి రొళ్లకి ఎంత సేపు? మూడు, నాలుగు గంటలు! 'అబ్బాయికి ఫోన్ చేశాం, వచ్చాక తీసుకెళ్దాం' అని ఆగితే ఆ గడువు దారిలోనే కరిగిపోతుంది. అబ్బాయి రావాల్సింది ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికి.

అందుకే ఏ ఆసుపత్రి అన్నది ముందే అనుకుని ఉండాలి. 108 నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. స్కానింగు సౌకర్యం హిందూపురంలో ఎక్కడుంది, శిర, తుమకూరుల్లో ఎక్కడుంది, సరిహద్దు దాటితే చేతిలో ఉన్న ఆరోగ్య కార్డు చెల్లుతుందా... ఇవన్నీ అర్ధరాత్రి అడిగే ప్రశ్నలు కావు. డెబ్భై దాటినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా కుటుంబానికి ఏటా అయిదు లక్షల దాకా వైద్యం అందించే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబర్ 29న మొదలైంది. దాన్ని తీసి పెట్టుకోవడం మంచిది. ముందుగా అనుకుని చేయించుకునే పెద్ద ఆపరేషన్లకి పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉండనే ఉంది. అక్కడ వైద్యానికి డబ్బు తీసుకోరు. ధర్మవరం వైపు బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రీ ఈ జిల్లా పేదలకి తెలిసిన గడపే.

అయిదుగురి గొలుసు

దూరాన ఉండి అమ్మానాన్నల్ని కనిపెట్టుకోవడానికి కెమెరాలే కావాలని లేదు. మనుషులు చాలు. గోడ పక్కింటివాళ్లు, రోజూ పాలు పోసేవాళ్లు, మందుల దుకాణం అతను, ఆశా కార్యకర్త, ఒక ఆటో మనిషి. ఈ అయిదుగురి నంబర్లు పిల్లల ఫోన్లో, పిల్లల నంబరు ఆ అయిదుగురి దగ్గర ఉంటే సగం పని అయినట్టే. ఇంటి తాళంచెవి ఒకటి పక్కింట్లో ఉండాలి. వారం మాత్రలు పూటలవారీగా సర్దుకునే చిన్న డబ్బా మందుల షాపులోనే దొరుకుతుంది. అది ఖాళీ అయిందా లేదా అని ఎవరైనా ఓ కన్నేస్తే చాలు.

ఫోను కూడా ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు కాకుండా రోజూ ఒకే వేళకి చేస్తే ఆ పలకరింపు లెక్కే వేరు. ఏడింటికి చేస్తాడని తెలిస్తే అవ్వ ఆరున్నరకే ఫోను దగ్గర పెట్టుకుంటుంది. ఎత్తకపోతే ఏదో తేడా ఉందని కొడుక్కీ వెంటనే తెలుస్తుంది. మాట్లాడేవాళ్లే కరువైన పెద్దలకి, వేధింపులు ఎదుర్కొనేవాళ్లకి దేశమంతటా పనిచేసే 14567 ఎల్డర్‌లైన్ ఉంది. మాట్లాడటానికి డబ్బు పడదు. ఇక 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక, మడకశిరకో హిందూపురానికో డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి అవ్వకి బస్సు చార్జీ అడ్డం కాదు.

ఒక మాట కాగితాల గురించి కూడా. 'ఎప్పటికైనా పిల్లలదే కదా' అని ఇల్లూ పొలమూ ముందే రాసిచ్చేసే పెద్దలు పల్లెల్లో ఎక్కువ. చూసుకుంటామన్న షరతు పత్రంలో రాయించుకోవడం మర్యాద తక్కువేమీ కాదు. ఆ షరతు తప్పితే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ కింద ఆ పత్రాన్ని రద్దు చేయమని అడగొచ్చు. పోషణ కోసం ఆర్డీవో స్థాయిలో ట్రైబ్యునల్ ఉంటుంది. నెలకి పది వేల దాకా ఇప్పించే అధికారం దానికుంది. అంతదాకా రాకుండా చూసుకోవడమే పిల్లల గౌరవం.

సాయంత్రం రొళ్లలో చింతచెట్ల నీడలు పొడుగవుతాయి. శిర వైపు నుంచి వచ్చిన బస్సు దిగి నలుగురైదుగురు ఇళ్ల దారి పడతారు. వాళ్లలో తన కొడుకు లేడని అరుగు మీది అవ్వకి తెలుసు. ఇవాళ పండగేం కాదు. అయినా బస్సు దిగినవాళ్లలో ఒకరు ఆగి 'ఊట ఆయ్తా అజ్జీ?' అంటారు. 'ఇంకా లేదప్పా, వాడు ఫోన్ చేసినాంక తింటా' అంటుంది. లోపల పొయ్యి మీద సంగటి ఉడుకుతుంటుంది. ఏడు కావస్తోంది.