మా చిన్నోడి ఆమెన్



మా చిన్నోడికి ఏడాదిన్నర. అన్నం ముందు మేము ప్రార్థన ముగించకుండానే "ఆమెన్" అనేసి ముద్ద కోసం నోరు తెరుస్తాడు. అందరం నవ్వేస్తాం. తిన్నాక పెరట్లో ఎండిన కొబ్బరిమట్ట ఈడ్చుకుంటూ తిరుగుతాడు.

మన అల్లవరం చుట్టుపక్కల ఎందరో తల్లులకు ఇలాంటి ముచ్చట చూసుకునే వీలు లేదు. కువైట్ ఇళ్లలో పనికి వెళ్లారు. యోకెబెదు జీతం తీసుకుని తన బిడ్డనే పెంచింది. వీళ్లు జీతం కోసం పరుల బిడ్డల్ని పెంచుతున్నారు. అక్కడి గడియారం మనకంటే 2 గంటల 30 నిమిషాలు వెనుక. వాళ్లకు పని తెమిలేసరికి ఇక్కడ పిల్లలు నిద్రపోతారు.

అమ్మమ్మలూ, తాతయ్యలూ, బిడ్డ కొత్త మాట పలికితే ఫోన్‌లో వీడియో తీసి ఆ రోజే పంపండి. డబ్బు సంగతి రేపు మాట్లాడుకోవచ్చు.