ఓటికుండ పెంకులు

మదనపల్లె వెళ్తున్నానంటే ఎవరైనా హార్సిలీ కొండలకు గాలిమార్పు కోసమే అనుకుంటారు. సాహిత్యాభిమానులైతే, 1919లో రవీంద్రనాథ ఠాగూరు ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చిన దివ్యజ్ఞాన కళాశాలను తప్పక చూసి రమ్మంటారు. రెండూ చూడదగినవే. కాని ఈసారి నన్ను అటు ఈడ్చుకుపోయింది కొండగాలీ కాదు, విశ్వకవీ కాదు, ఆరు చేపలు.

కుప్పంలో మా మేనకోడలి కొడుకు గాజుతొట్టిలో గప్పీ చేపలను పెంచుతున్నాడు. పదకొండేళ్ళవాడు. మొదట పన్నెండు ఉండేవట. ఫోనులో వాడి మాటలు వినండి: “తాతా, తొట్టి కడిగి నీళ్ళు మార్చినప్పుడల్లా రెండు చస్తాండాయి. నేనేమీ తక్కువ చేయలేదు తాతా!”

వెంటనే వాళ్ళమ్మ ఫోను అందుకుంది. “మామా, వారానికి నాలుగు బిందెలు వీడి చేపలకే పోస్తాండాము. తాగే నీళ్ళు క్యాన్ల లెక్కన కొంటాండాము. మీరు వచ్చి ఏదైనా దారి చూపిస్తే సరి, లేకుంటే వాటిని ఎవరికైనా ఇచ్చేస్తాను.”

ఆమెను తప్పుపట్టటానికి లేదు. సముద్రమట్టానికి రెండువేల అడుగుల పైన ఉన్న ఈ మెట్టసీమలో నీటి లెక్క తెలియని ఇల్లాలు ఉండదు. బోరు వేస్తే నీళ్ళు పడతాయో పడవో దేవుడికెరుక. అటువంటి చోట చేపల కోసం బిందెలు పారబోయటమంటే కళ్ళల్లో నీళ్ళు పారబోసుకోవటమే.

మదనపల్లె బజారులో చేపలు అమ్మే చిన్న కొట్టు ఒకటి పట్టుకున్నాను. చేతిలో ఇమిడే నీటిమోటారు, గజంన్నర గొట్టం కొన్నాను. తరువాత, “మీ తొట్టిలో బాగా మురికి పట్టిన స్పాంజి ఉంటే ఒక ముక్క ఇస్తారా?” అని అడిగాను. కొట్టతను నా ముఖం వంక ఒకసారి చూసి, నవ్వాడు. “పాలకు తోడుకా సార్?” అన్నాడు. సంగతి తెలిసినవాడే! తొట్టి నీళ్ళతోనే తడిపి, సంచిలో కట్టి ఇచ్చాడు. పైసా తీసుకోలేదు.

ఈ తోడు మాట ఏమిటో చెప్పాలి గదా. చేప మొప్పల నుంచి అమ్మోనియా అనే విషం ఎప్పుడూ నీటిలోకి వస్తూనే ఉంటుంది. అది కంటికి కనిపించదు. ఒకజాతి సూక్ష్మజీవులు దాన్ని తిని నైట్రైటుగా మారుస్తాయి, అదీ విషమే. మరొక జాతి ఆ నైట్రైటును నైట్రేటు చేస్తుంది. అది బాగా పేరుకుంటే తప్ప చేపకు హాని లేదు, పైగా మొక్కలకు ఎరువు. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రజ్ఞుడు ఈ జీవుల గుట్టు బయటపెట్టాడు. ఇవి రాళ్ళనూ, గాజునూ, స్పాంజినీ అంటిపెట్టుకొని బతుకుతాయి. కుళాయినీటిలోని క్లోరిన్ వీటికీ, చేపలకూ కూడా గిట్టదు. మావాడు శ్రద్ధగా తొట్టినీ, రాళ్ళనూ కుళాయి కింద తోమి తోమి కడుగుతున్నాడు. అంటే వారం వారం కాపలావాళ్ళను వెళ్ళగొట్టి ఇంటికి తాళం వేస్తున్నాడన్నమాట!

పుంగనూరు బస్సులో సంచిని పసిబిడ్డలా ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను. పుంగనూరు పేరు చెప్పగానే ఆ పొట్టి ఆవులు గుర్తుకు వస్తాయి. మనిషి నడుము దాటి ఎదగని ఆవు! తక్కువ మేతతో సరిపెట్టుకొని పాలిచ్చే ఆ జాతిని చూస్తే, ఈ నేల తనకు తగిన ప్రాణిని తానే మలుచుకుందేమో అనిపిస్తుంది.

అక్కడ మూలికలు అమ్మే పెద్దాయన ఒకరు నా ప్రయాణకారణం విని, నాలుగు చిల్లగింజలు చేతిలో పెట్టారు. “అరగదీసి కలపండి. పొద్దునకు నీళ్ళు అద్దం మాదిరి తేరుకుంటాయి” అన్నారు. అబద్ధం కాదు. బురదనీటిని చిల్లగింజతో తేర్చటం మన పూర్వులకు బాగా తెలిసిన విద్య. గింజ గంధం మట్టిరేణువులను ఒకచోటికి చేర్చి అడుగుకు దింపుతుంది. కాని మా తొట్టి జబ్బు మట్టి కాదు గదా! అద్దంలాంటి నీటిలోనూ అమ్మోనియా ఉండవచ్చు. తేట వేరు, శుద్ధి వేరు.

ఇసుక మాటేమిటని మీరు అడగవచ్చు. ఇసుకపొర మహిమ చిన్నది కాదు. 1829లో జేమ్స్ సింప్సన్ లండన్ చెల్సీలో థేమ్స్ నీటిని ఇసుకలో వడగట్టి ఇళ్ళకు పంపాడు. 1892లో జర్మనీలోని హాంబర్గులో కలరా చెలరేగి ఎనిమిదివేల మందికి పైగా చనిపోయారు. ఆ ఊరు నది నీటిని వడగట్టకుండానే తాగేది. పక్కనే ఉన్న ఆల్టోనా ఇసుకలో వడగట్టి తాగేది, చాలావరకు బయటపడింది. ఇసుక మీద పేరుకొనే జిగురుపొరలోని జీవులే అక్కడా పని చేసేది. అయితే సన్న ఇసుకలో నీరు బహు నెమ్మదిగా దిగుతుంది. చేపల పెంటతో త్వరగా పూడుకుపోతుంది. మాకు కావలసింది నీరు ధారగా పోయేదీ, జీవులకు ఇళ్ళు ఎక్కువగా ఉండేదీ.

అది పలమనేరులో దొరికింది. కుప్పం దారిలో పడే ఈ ఊరు మట్టిపనికి పేరుపొందింది. ఒక కుమ్మరి ఇంటి ముందు ఆగి, రంగు వేయని పూలకుండీ ఒకటి బేరం చేశాను. అడుగున చిల్లి ఎలాగూ ఉంది. అంచున ఒకచోట ఆకురాయితో గంటు పెట్టించాను. తరువాత ఆవం పక్కన కుప్పబడి ఉన్న పెంకులు చూపించి, సంచెడు కావాలన్నాను.

“ఓటి పెంకులు ఏం జేసుకుంటావు సామీ?”

“చేపల నీళ్ళు బాగుచేయటానికి.”

“మంచి కుండ నీళ్ళు చల్లబరస్తాది. ఓటికుండ నీళ్ళు బాగుజేస్తాదా! తీసుకపో సామీ, పెంకులకు దుడ్లేంది” అన్నాడాయన.

కాల్చిన మట్టిపెంకు ఒళ్ళంతా సన్నని రంధ్రాలు. సూక్ష్మజీవులకు అంతకంటె మంచి అగ్రహారం ఎక్కడుంది?

కుప్పం చేరి పని మొదలుపెట్టాము. తొట్టికి పైగా గోడకు ఇనుప బ్రాకెట్లు కొట్టి పలక వేశాము. పలకకు రంధ్రం చేసి, కుండీ చిల్లి దానికి సరిగ్గా వచ్చేట్టు పెట్టాము. కుండీలో కడిగిన పెంకులు, వాటి మీద స్పాంజి. తొట్టి అడుగునుంచి మోటారు నీటిని పైకి తోస్తుంది. స్పాంజి పెంటను పట్టుకుంటుంది. నీరు పెంకుల మధ్య దిగి, గాలి కలుపుకొని మళ్ళీ తొట్టిలో పడుతుంది. రాకకంటె పోక ఎక్కువ ఉండేట్టు చిల్లిని కాస్త పెద్దది చేశాము. ఎప్పుడైనా స్పాంజి పూడుకున్నా, అంచున గంటు ఉంది గనుక పొంగిన నీరు తొట్టిలోకే పోతుంది, నేలమీదకు రాదు. గొట్టం కొసను నీటికి తగలకుండా పైన కట్టాము. లేకుంటే కరెంటు పోయినప్పుడు నీరు వెనక్కు లాగుతుంది. మోటారు తీగను ప్లగ్గు కంటె కిందికి వంపు తిప్పి కట్టాము, నీటిబొట్టు తీగ వెంట ప్లగ్గులోకి జారకుండా. చివరగా మదనపల్లె స్పాంజిని పెంకుల మీద పిండాను. ఆ నల్లటి నీరు చూసి మేనకోడలు ముక్కు మూసుకుంది.

“దీన్ని శుద్ధి అంటారా మామా?”

“తోడు వేశాను. ఇక తోడుకోవాలి” అన్నాను.

తోడుకోవటానికి తోడు లేకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. తోడు ఉంటే కొంత త్వరగా అవుతుంది. ఈలోగా మేత చిటికెడు మించకూడదు. పెంకులను కడగకూడదు. స్పాంజిని తొట్టిలో నుంచి తీసిన నీటిలోనే పిండాలి. కుళాయినీటిని ఒకరోజు వెడల్పు బేసినులో ఉంచి పోయాలి. ఇవన్నీ మావాడు గోడమీద రాసుకున్నాడు.

మొదటి వారంలో ఒక చేప పోయింది. వాడు రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మిగిలిన అయిదూ నిలిచాయి. నెల తిరిగేసరికి పిల్లలు పెట్టాయి. ఇప్పుడు వారానికి నాలుగు బిందెలకు బదులు ఒక్కటే మారుస్తున్నారు. ఆ తీసిన నీరు కరివేపాకు చెట్టుకు పోస్తున్నారు, ఆకు నిగనిగలాడుతోందట. చేపలను ఇచ్చివేసే మాట ఇంట్లో మళ్ళీ రాలేదు.

2025లో హంద్రీ-నీవా కాలువ వెంట కృష్ణానీరు శ్రీశైలం నుంచి కుప్పం చెరువుల దాకా వచ్చింది. ఎంత దూరం, ఎంత ఎత్తు ఎక్కించి తెచ్చిన నీరు! అది ఏ చెరువులో చేరినా అక్కడి మట్టి, తుంగ, నాచు, కంటికి కనిపించని ఈ జీవులూ కలిసి దాన్ని చూసుకోవలసినవే. వాటిని చెత్తతో పూడ్చివేస్తే ఏ కాలువ తెచ్చే నీరూ చాలదు. నీరు తెచ్చుకోవటం ఎంత పనో, వచ్చిన నీటిని బతికించుకోవటం అంత పని. ఆ రెండోదానికి ఒక్కొక్కసారి సంచెడు ఓటి పెంకులు చాలు.